భద్రజటికి ఎవరి ముఖం

ఈ సంగతులు వరుసలో చెప్పగలనన్న నమ్మకం నాకు లేదు. సినిమా ముందు వచ్చిందో, మా పెదనాయన చేతులకు వణుకు ముందు వచ్చిందో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ముందువెనకలైతే మన్నించండి. నాకిది చెప్పింది మా పెద్దమ్మ ఎల్లమ్మ. ఆమె లేనిది కల్పించి చెప్పే మనిషి కాదు.

పెదనాయన కుళ్లాయప్ప తోలుబొమ్మలాట ఆడించేవాడు. పెద్దమ్మ తెర వెనక కూర్చుని ఆడబొమ్మలకూ పిల్లల బొమ్మలకూ గొంతు ఇచ్చేది. వాళ్ల చేతుల్లో ఇద్దరు శిష్యులు పెరిగారు. పెద్దవాడు నాగలింగ, చిన్నవాడు సుంకన్న. ఇద్దరికీ పెదనాయన మేనమామ వరస.

వాళ్ల ఆటల్లో పేరుపడ్డది భద్రజటి కథ. రాజ్యం పోయి అడవిలో తిరిగే విజయకేతు అనే పిల్లవాణ్ని భద్రజటి అనే మాంత్రికుడు చేరదీస్తాడు. అన్నం పెడతాడు, విద్యలన్నీ నేర్పుతాడు. చివరికి నాగమణి కోసం, తనను నాయనా అని పిలిచే ఆ పిల్లవాణ్నే బలి ఇస్తాడు. పెదనాయన తాతల నాటి కథ అది. ఎక్కడా రాసి లేదు. నోటి మీదే ఉండేది.

ఆ కథను నాగలింగ మద్రాసుకు పట్టుకుపోయి సినిమావాళ్లకు ఇచ్చాడు. పోయేటప్పుడు ఎవరికీ ఒక మాట చెప్పలేదు. కొన్నాళ్లకు సినిమా వచ్చింది.

సుంకన్న ధర్మవరం పోయి చూసి వచ్చాడు. వచ్చీ రాగానే చెప్పులు గోడకేసి కొట్టాడు.

"ఏమిరా, బాగలేదా?" అన్నాడు పెదనాయన.

"కథ నాగలింగ అని తెర మీద ఇంత లావు అక్షరాలు వేసుకున్నాడు మామా. నీ పేరు యాడా లేదు."

"మా నాయన పేరు ఉందా?"

"లేదు."

"మా తాతది?"

"లేదు."

"అయితే మర్చిపోయింది నన్నొక్కణ్నే కాదులే. కూర్చో. నీళ్లు తాగు."

"వాడు కనపడనీ, కాళ్లు విరగ్గొడతా."

"విరగ్గొడుదువులే. భద్రజటిని ఎట్లా చూపించినారు, అది చెప్పు."

కోపంలో ఉన్నా, అది అడిగేసరికి సుంకన్న ముఖం వెలిగింది. "నల్ల అంగీ, ఎర్ర కండ్లు, చేతిలో పుర్రె. వాడు కనపడక ముందే ఉరుములు. పిల్లోణ్ని మొదటిసారి చూస్తానే పగలబడి నవ్వుతాడు. చివర బలి ఇచ్చేటప్పుడు తెరంతా నిప్పులే. జనం ఒకటే ఈలలు మామా!"

"బయటికి వస్తా ఏమన్నారు?"

సుంకన్న ఆలోచించాడు. "ఏమంటారు? బీడీలు ముట్టించుకొని పోయినారు."



ఆ ఏడు మారెమ్మ జాతర దగ్గర పడింది. జాతర పెద్ద సిద్ధారెడ్డి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కుళ్లాయప్పా, దాపరికం ఎందుకు, చెబుతా విను. మీ మాంత్రికుడు పంచాంగం చెప్పే అయ్యవారి మాదిరి ఉంటాడు. సినిమా చూసిన కండ్లకు ఇంక వాడు ఆనడు. ఈ ఏడు మీ ఆటే పెట్టిస్తాం. జనం మధ్యలో లేచిపోయినారా, వచ్చే ఏటి నుంచి టెంటు సినిమా తెప్పించుకుంటాం. ఏమనుకోవద్దు."

"అనుకునేదేముంది రెడ్డీ" అన్నాడు పెదనాయన.

అనుకునేది చాలా ఉంది. ఆ జాతరలో ఆట చూసిన మీదటే చుట్టుపక్కల ఊళ్లు వాళ్లను పిలిచేవి. అది పోతే పెట్టె మూసుకోవడమే. పైగా పెదనాయన చేతులు నిలవడం లేదు. ఎప్పుడూ ఆయన చేతిలో ఉండే భద్రజటిని ఈసారి సుంకన్న ఆడించాలి. వాడికి అదే మొదలు.

"కొత్త మాంత్రికుణ్ని కోస్తా మామా" అన్నాడు సుంకన్న.

"కొయ్యి. పాతాయన ఎట్లాగూ చినిగిపోతా ఉన్నాడు."

సుంకన్న మేకతోలు నానబెట్టి, గీకి, ఆరబెట్టి పనిలో పడ్డాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. బొమ్మ పూర్తయ్యాక తెచ్చి పెదనాయన ముందు పరిచాడు. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. అన్నీ అయ్యాక చిట్టచివర ఉలితో బొమ్మకు కన్ను పొడుస్తారు. అది గురువు చేత్తోనే జరగాలి. కన్ను పడేదాకా అది తోలు. పడ్డాక బొమ్మ.

పెద్దమ్మ తొంగి చూసింది. నల్లటి ఒళ్లు, నాలుగు కోరలు, పాముల జడలు. కానీ ఆ వంకర ముక్కు, తమ్మె చీలిన ఆ చెవి, ముందుకు పొడుచుకొచ్చిన ఆ గడ్డం చూస్తే ఎవరో చెప్పనక్కరలేదు. ఆమె గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెదనాయన బొమ్మను ఎత్తి వెలుగుకు పట్టాడు.

"నాగలింగకు కోరలు ఎప్పుడు వచ్చినాయిరా?"

సుంకన్న తల వంచుకున్నాడు గాని తగ్గలేదు. "జాతర జనమంతా చూడల్ల మామా. వాడెవడో తెలియల్ల. నువ్వు కన్ను పొడువు."

"పొడుస్తా. దానికేం. ముందు ఒక్క రంగం ఆడించి చూపించు. మొదటిదే."

తలుపుకు అడ్డంగా పంచె కట్టారు. బయట పొద్దు ఎక్కి ఉంది. ఎండ పంచె మీద పడుతోంది. సుంకన్న కొత్త భద్రజటిని పట్టుకున్నాడు. పెదనాయన వణికే చేతుల్లోకి విజయకేతును తీసుకున్నాడు. పెద్దమ్మ పక్కన కూర్చుంది.

సుంకన్న గొంతు సవరించుకుని భద్రజటి మొదటి మాట అన్నాడు. "రా నాయనా, ఆకలిగా ఉందా?"

విజయకేతు రెండడుగులు ముందుకు వచ్చాడు. ఆగాడు. మాంత్రికుణ్ని కిందనుంచి పైదాకా చూశాడు. వెనక్కి తిరిగి పంచె దాటి వెళ్లిపోయాడు.

"మామా, అట్లా కాదు కదా! పిల్లోడు ఆయన దగ్గరికి రావల్ల."

"రమ్మను మరి."

సుంకన్న గొంతులో తేనె పోశాడు. "రా నాయనా... ఆకలిగా ఉందా?"

పంచె అంచు నుంచి విజయకేతు తల ఒక్కటే బయటికి వచ్చింది. పెద్దమ్మ పిల్లవాడి గొంతుతో, "ఇప్పుడే తిని వచ్చినా సామీ, ఆకలి లేదు, నన్ను వదిలిపెట్టు!" అంది. తల మళ్లీ మాయమైంది.

సుంకన్నకు నవ్వూ వచ్చింది, రోషమూ వచ్చింది. "అత్తా, నువ్వు కూడానా?"

పెదనాయన విజయకేతును కింద పెట్టేశాడు. "ఆట అయిపాయె. పిల్లోడు బతికినాడు. ఇంక నువ్వు ఎవరిని మోసం చేస్తావు అల్లుడా?"

సుంకన్న చేతిలో కన్ను లేని బొమ్మ అట్లాగే వేలాడుతోంది.

"పెట్టెలో పాతాయన ఉంటాడు. తీసుకురా."

సుంకన్న పెట్టె తెరిచాడు. అందులో రాక్షసుల కట్ట అడుగున ఉంటుంది. మంచివాళ్లూ దేవుళ్లూ పై కట్టలో. ఒకరినొకరు కొట్టుకోకుండా మధ్యలో హాస్యగాళ్ల కట్ట. వాడు అడుగు కట్ట విప్పాడు. భద్రజటి అందులో లేడు. అది వాడికి కొత్త కాదు. వాడు భద్రజటిని అడుగున కట్టినప్పుడల్లా, మళ్లీ ఆటకు పెట్టె తెరిస్తే పై కట్టలో విజయకేతు పక్కన కనిపించేవాడు. మామకు మతి తప్పుతోందని వాడు లోలోపల దిగులు పడేవాడు.

ఈసారీ అక్కడే ఉన్నాడు.

తెచ్చి ఎండకు ఎదురుగా పట్టాడు. ఒంగిన భుజాలు, నెమ్మదైన నోరు. ముద్ద పెట్టే కుడిచెయ్యి వాడగా వాడగా తోలు అద్దంలా పలచబడి ఉంది. ఎండ అందులోంచి తేటగా దిగుతోంది. కత్తి ఎత్తేదీ ఆ చెయ్యే.

"ఇది నా మొదటి బొమ్మ" అన్నాడు పెదనాయన. "మాంత్రికుడికి ఎవరి ముఖం పెడతావు అని మా నాయన అడిగినాడు. నాకు ఆయన ముఖమే తోచింది. కోసి చూపించినా. ఏమంటాడో అని ఎదురుచూస్తా నిలబడినా. మాట్లాడకుండా కన్ను పొడిచినాడు."

సుంకన్న ఆ బొమ్మను మళ్లీ చూశాడు. ఆ ముఖం ఎవరిదో వాడికి అంతవరకు తెలియదు.

"మరి నేను ఎవరి ముఖం పెట్టల్ల మామా?"

పెదనాయన లేచి, మిగిలిన తోలు ముక్క తెచ్చి సుంకన్న ముందు వేశాడు. ఉలి వాడి చేతిలో పెట్టాడు. పంచె విప్పేసి, తలుపు దగ్గర ఎండ తన మీద పడేటట్టు, పక్కకు తిరిగి కూర్చున్నాడు.

సుంకన్నకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఉలి కింద పెట్టేశాడు.

"నా చేత కాదు మామా."

"కొయ్యి."

"అత్తా, నువ్వన్నా చెప్పు."

పెద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట ఉలి మీద సుత్తి పడే చప్పుడు ఒక్కటే ఆమెకు వినిపించింది. మధ్యమధ్య చప్పుడు ఆగేది. వాడు ముక్కు ఎగబీల్చుకునేవాడు. మళ్లీ మొదలయ్యేది.

ఆ బొమ్మకు పెదనాయన కన్ను పొడిచాడు. ఆ ఒక్కసారి ఆయన చెయ్యి వణకలేదు అనేది పెద్దమ్మ.

జాతర ఆటలో భద్రజటి వచ్చినప్పుడు ఉరుములు లేవు. "రా నాయనా, ఆకలిగా ఉందా?" అన్నాడు. విజయకేతు పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన ఒళ్లో కూర్చున్నాడు. ముందు వరసలో పిల్లలు ఆ ముఖం గుర్తుపట్టి, "ఏయ్, కుళ్లాయప్ప తాత!" అని చప్పట్లు కొట్టారు. భద్రజటి విద్య నేర్పాడు. జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేశాడు. పెద్దవాళ్లు కూడా చిరునవ్వు నవ్వుకుంటూ చూశారు. చూస్తున్నది ఏ కథో మర్చిపోయినట్టున్నారు.

బలి రంగం వచ్చింది. ముద్ద పెట్టిన చెయ్యే కత్తి ఎత్తింది. తెర వెనక సుంకన్న ఏడుస్తూనే చెయ్యి నిలబెట్టాడు. పెద్దమ్మ పిల్లవాడి గొంతుతో, "నాయనా, నువ్వా?" అంది.

జనంలోంచి ఒక ముసలామె అరిచింది. "వద్దు కుళ్లాయప్పా!"

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఈల వెయ్యలేదు. కత్తి దిగింది.

ఆట అయ్యేసరికి తెల్లవారుతోంది. అయినా జనం లేవలేదు. సిద్ధారెడ్డి తలపాగా చేతిలో పట్టుకుని తెర వెనక్కి వచ్చాడు. పెదనాయనను చూసి, ఎందుకో ఒక అడుగు వెనక్కి వేశాడు. "వచ్చే ఏటికి కూడా మీరే రావల్ల" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన పోయాక అక్కడ ఇంకొకడు నిలబడి ఉన్నాడు. మద్రాసు చొక్కా, చీలిన చెవి. ఎప్పుడు వచ్చాడో, ఎక్కడ కూర్చుని చూశాడో. గుంజ పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

సుంకన్న లేచాడు. కాళ్లు విరగ్గొడతానన్న మాట పెద్దమ్మకు గుర్తుంది.  వాడి చేతిలో ఇంకా భద్రజటి బొమ్మ ఉంది.

పెదనాయన సద్ది మూట విప్పుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"రా నాయనా, ఆకలిగా ఉందా?"

నాగలింగ గుంజను పట్టుకునే కింద కూలబడిపోయాడు.

సుంకన్న అతన్ని చూశాడు, పెదనాయనను చూశాడు, చేతిలో ఉన్న బొమ్మను చూశాడు. పెట్టె దగ్గరికి పోయి కూర్చున్నాడు. పై కట్ట విప్పి, విజయకేతు పక్కన భద్రజటిని పడుకోబెట్టి, మెల్లగా తాడు కట్టాడు.

చెల్లీ ఈరమ్మా, నువ్వూ పెద్దమ్మ నోట ఇది విన్నదానివే. నాకంటే చిన్నదానివి, నీకు గుర్తుంటుంది. దీన్ని ఎవరికైనా చూపించే ముందు పేర్లు ఒకసారి సరిచూడు. జాతర పేరు, రెడ్డి పేరు తప్పినా పరవాలేదు. పోయి వచ్చినవాడు నాగలింగ, ఉండిపోయినవాడు సుంకన్న అని రాశాను. ఆ రెండూ అటూ ఇటూ చేశానేమోనని భయంగా ఉంది.