నమూనా కప్పు కింద విచారణ

గుండ్లవాగు అడవిలో ఆ ఏడు తొలివానకే కొట్టాల కప్పులన్నీ కూలాయి. కప్పింది నక్క కొండప్ప కంపెనీ. కంపెనీ మూతపడింది గానీ కొండప్ప బొద్దుగానే ఉన్నాడు.

అడవి సభ విచారణ కమిటీ వేసి అతన్ని పిలిపించింది. కమిటీ పెద్ద తాబేలు హంపమ్మ. కంగారంటే తెలియని ఆవిడకే ఇవాళ కంగారు పట్టుకుంది. నిజం బయటపడకపోతే, కట్టబోయే పిల్లల కొట్టం పనీ కొండప్ప అప్పుడే తెరిచిన కొత్త కంపెనీకే పోతుంది.

"కప్పులెందుకు కూలాయి, కొండప్పా?"

"కొలతలు కోతివి, అల్లిక గిజిగాడిది, వాన దేవుడిది. నాదేముందమ్మా, పేరు తప్ప?"

"నన్ను మూడోరోజే పనిలోంచి తీసేశాడు!" కొమ్మ మీంచి గిజిగాడు అరిచాడు.

"అది నాకు గుర్తులేదు," అన్నాడు కొండప్ప, తోక సవరించుకుంటూ. "అదిగో మా కొత్త కంపెనీ నమూనా కప్పు, దిట్టంగా లేదూ? ఇకపై అన్నీ అలాంటివే."

ఆకాశం నల్లబడింది. హంపమ్మ లోలోపల నవ్వుకుంది.

"కప్పినవాడు తొలివానలో కప్పు కింద కూర్చుని అంబలి తాగడం మన ఆనవాయితీ. నువ్వెప్పుడైనా తాగావా, నాయనా?"

"పని ఒత్తిడిలో కుదరలేదమ్మా."

"ఇవాళ తాగుదువు గాని. మిగతా విచారణ అక్కడే."

హంపమ్మ నింపాదిగా వెళ్లి నమూనా కప్పు కింద కూర్చుంది. ఎదుట అంబలి ముంత పెట్టించింది. వాన దంచికొట్టింది.

"లోపలికి రా, తడిసిపోతావు!"

"నాకు వానంటే సరదా అమ్మా!" కొండప్ప తోక అప్పటికే తడిసి తాడైంది.

"లోపల చెబితేనే సాక్ష్యం చెల్లుతుంది."

"జలుబమ్మా, మీకు అంటుకుంటుంది!"

"ఒక్క గుటక తాగి పో. దిట్టమైన కప్పేగా?"

అడవంతా చూస్తోంది. కొండప్ప ఒక కాలు లోపల పెట్టాడు. పైన కిర్రుమంది.

"వద్దు బాబోయ్! వాసాలు పుచ్చినవి, నాకు ముందే తెలుసు!" అంటూ వెనక్కి దూకాడు.

మరుక్షణం కప్పు దబ్బున కూలింది. అందరూ కెవ్వుమన్నారు. ఆకుల కుప్పలోంచి ముందు డిప్ప, ఆ తర్వాత తల బయటికొచ్చాయి.

"సాక్ష్యం రాసుకోండి," అంది హంపమ్మ. ముంత కూడా పగల్లేదని చూసి, సంతోషం పట్టలేక అంబలి తనే తాగేసింది.

పిల్లల కొట్టం పని గిజిగాడికి దక్కింది. పని ముగిశాక పడిన తొలివానలో అతను దాని కింద కూర్చుని రెండు ముంతలు తాగాడు. పిల్లలు చుట్టూ చేరి గంతులేస్తుంటే, బయట కొండప్ప తుమ్ముతూ నిలబడ్డాడు.

నీతి: తాను నిలబడని కప్పు కింద ఊరిని పడుకోమనేవాడి మాట నమ్మకూడదు.