వెనకవాళ్ల వాటా

మబ్బుమెట్ట అనే అడవి ఒకటి ఉండేది. ఆ అడవిలో కొండముచ్చులు, కుందేళ్లు, ముళ్లపందులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు కలిసి ఉండేవి. పులి కూడా ఉండేదట. కానీ అది ఎప్పుడూ నిద్రపోతూ ఉండేది కాబట్టి ఈ కథలోకి రాదు. మనమూ దాన్ని లేపొద్దు.

ఆ అడవిలోంచి ఒక పాత రోడ్డు మెలికలు తిరుగుతూ కొండ మీదికి పోతుంది. ఎప్పుడో మనుషులు వేసి వదిలేసిన రోడ్డు అది. దారిలో మూడు జలపాతాలు ఉన్నాయి. కింద ఉన్నది పాలధార, మధ్యలోది జంటజడల ధార, కొండ కొసన ఉన్నది గొడుగుధార. రోడ్డు వేసినవాళ్లు తలదాచుకోవడానికి కట్టుకున్న కర్ర ఇళ్లు రెండు ఇంకా నిలబడి ఉన్నాయి. ఒకటి పాలధార దగ్గర, ఇంకొకటి జంటజడల దగ్గర.

వానలు వెనకబట్టి కార్తీకం రాగానే జంతువులన్నీ ఆ రోడ్డు వెంట జలపాతాలు చూడటానికి బయలుదేరేవి. నడవలేనివాళ్లకు బండి ఉంది. అడవిదున్న భూషయ్య మామే ఆ బండి. టికెట్టు ఏమిటంటే, ఎక్కినవాళ్లు దారి పొడుగునా ఆయన వీపు మీది జోరీగలను తోలాలి. తోలడం మానేస్తే తర్వాతి మలుపులో దింపేస్తాడు. మలుపు వచ్చినప్పుడల్లా "బోం" అని ఒక కేక కూడా వేస్తాడు. ఎదురుగా ఎవరూ రారనుకోండి. అయినా బండి అన్నాక హారన్ ఉండాలి కదా.

ఆ ఏడు బండి ఎక్కినవాళ్లలో తోకరాయుడు అనే కుర్ర కొండముచ్చు ఉన్నాడు. తన తోకంత పొడుగు తోక అడవిలో ఎవరికీ లేదని వాడి నమ్మకం. మెలకువగా ఉన్నంతసేపూ ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే వాడికి తోచదు. వాడి వీపు మీద చెల్లెలు పిందె కూర్చుంది. బుజ్జిది, పుట్టి మూడు నెలలే అయింది. గొడుగుధార కింద తడవాలని ఆమె ఆశ. అందరికన్నా ముందు గొడుగుధార చూసి, ఏడాదంతా గొప్పలు చెప్పుకోవాలని వాడి ఆశ.

పాలధార దగ్గర బండి ఆగింది. కర్ర ఇంట్లో మూలన మెత్తటి ఎండుగడ్డి పరిచి ఉంది. పక్కన చట్టిలో ఉసిరికాయలు, దుంపలు ఉన్నాయి. అందరూ తిని, కాసేపు నడుం వాల్చారు. సూదమ్మ అనే పెద్ద ముళ్లపంది పిల్లలకు ఇల్లంతా తిప్పి చూపించింది. పొయ్యి మసి చూపించింది. లాంతరు తగిలించిన మేకు చూపించింది. తలుపు చట్రం మీద గాట్లు చూపించి, మనుషుల పిల్లలు ఎంత ఎత్తు ఎదిగారో చూసుకోవడానికి పెట్టిన గుర్తులని చెప్పింది. ఒక కుందేలుపిల్ల చెవులు నిక్కించి గాటు అందుకోబోయింది. చెవులు లెక్కలోకి రావని తోకరాయుడు దాన్ని ఏడిపించాడు.

బయలుదేరే ముందు అందరూ అడవిలోకి వెళ్లి ఎండుగడ్డి, కాయలు ఏరుకొచ్చారు. ఖాళీ అయిన చట్టి మళ్లీ నిండింది. ఆ రోడ్డు మీద ఆచారం అది. తిన్నంత తినొచ్చు, పడుకున్నంత పడుకోవచ్చు. కదిలేముందు మాత్రం వెనక వచ్చేవాళ్లకు పెట్టి కదలాలి. దాన్ని వెనకవాళ్ల వాటా అంటారు. రోడ్డు వేసిన మనుషులు అలా చేస్తుంటే చూసి అడవివాళ్లు నేర్చుకున్నారు.

అందరూ తెస్తుంటే తోకరాయుడు మాత్రం దూలం మీద తోక ఊపుతూ కూర్చున్నాడు.

"వెనక వచ్చేది ఎవరో నీకు తెలుసా అత్తా?" అన్నాడు.

"తెలియదురా," అంది సూదమ్మ.

"మరి తెలియనివాళ్లకు విందులు దేనికి?"

"ముందు వచ్చి వెళ్లింది ఎవరో కూడా నాకు తెలియదు. వాళ్లు పెట్టిన దుంప మాత్రం ఇంకా నీ నోట్లోనే ఉంది."

అందరూ నవ్వారు. తోకరాయుడు ఆ దుంప మింగేసి, బండి కన్నా ముందే కొండ ఎక్కి చూపిస్తానన్నాడు. పిందెను వీపుకు అంటిపెట్టుకోమని, చెట్ల మీదుగా గెంతుకుంటూ పోయాడు.

జంటజడల ఇంటికి వాళ్లిద్దరే ముందు చేరారు. అక్కడా చట్టి నిండుగా ఉంది. పిందె ఒక ఉసిరికాయ తింది. మిగతావన్నీ వాడే తిన్నాడు. తిన్నాక వాడికి ఆట మీదికి మనసు పోయింది. ఎండుగడ్డి పరకలు గుప్పెళ్లతో తీసి లోయలోకి విసిరాడు. గాలికి అవి బంగారు సీతాకోకచిలుకల్లా ఎగిరాయి. గడ్డంతా అయిపోయేదాకా విసిరాడు.

"అన్నా, వెనకవాళ్ల వాటా?" అని పిందె గుర్తుచేసింది.

"వెనకవాళ్లు వెనకే ఉన్నారుగా. వాళ్లే తెచ్చుకుంటారు," అని వాడు పైకి గెంతాడు.

ఇంకొక మలుపు తిరిగారో లేదో, మబ్బు దిగింది. చలిగాలి, దాని వెనకే జోరువాన. కొమ్మలు జారుతున్నాయి. ఎదురుగా రోడ్డు మీదికి రాళ్లు దొర్లాయి. గొడుగుధార మోత వినిపిస్తోంది గానీ దారి కనబడటం లేదు. వీపు మీద పిందె వణకడం మొదలుపెట్టింది. కాసేపటికి వణుకు తగ్గి, పట్టు సడలింది. అప్పుడు వాడికి నిజంగా భయం వేసింది. చెల్లెల్ని పొట్టకు హత్తుకుని వెనక్కి పరుగెత్తాడు.

జంటజడల ఇంటి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. చట్టిలో చెయ్యి పెట్టాడు. చట్టి ఖాళీ. మూలకు పరుగెత్తాడు. అక్కడ ఒక్కటంటే ఒక్క గడ్డిపరక మిగిలింది. ఈ పని చేసిందెవరని తిట్టడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. వెనకవాళ్లంటే ఎవరో వాడికి ఇప్పుడు తెలిసింది. వాళ్లలో ఒకడికి చాలా పొడుగాటి తోక ఉంది.

చన్నీళ్లలా చల్లటి నేల మీద పిందెను ఎలా పడుకోబెట్టాలో తెలియక నిలబడ్డాడు. అంతలో "బోం" అని వినబడింది. ఆ కేక ఎప్పుడూ అంత తియ్యగా అనిపించలేదు వాడికి.

అందరూ తడిసి ముద్దయి లోపలికి వచ్చారు. సూదమ్మ ఖాళీ చట్టి చూసి నిట్టూర్చింది.

"పాపం, ఎవరో ఎంత ఆకలితో వచ్చారో. గడ్డి కూడా వదల్లేదంటే ఎంత అవసరమో. ఎక్కడున్నా చల్లగా ఉండాలి," అంది.

తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"నేనే అత్తా. ఆకలి కూడా లేదు," అన్నాడు తోకరాయుడు.

వాడిని తిట్టే తీరిక ఎవరికీ లేదు. భూషయ్య మామ ఇంట్లో పట్టడు కాబట్టి తలకాయ ఒక్కటీ గుమ్మంలోంచి లోపలికి దూర్చి, పిందె మీద వెచ్చటి ఊపిరి వదలడం మొదలుపెట్టాడు. సూదమ్మ పొయ్యి పక్కకు వెళ్లి నేలమీది ఒక చెక్క పైకెత్తింది. కింద పొడి గడ్డి, పనసగింజలు ఉన్నాయి. పిందెను ఆ గడ్డిలో చుట్టారు. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి, పనసగింజ కావాలంది.

తోకరాయుడు కళ్లు తుడుచుకుని అడిగాడు. "ఈ చెక్క కింద వాటా ఎవరిదత్తా?"

"తోకరాయుళ్ల వాటా. నీలాంటివాడు ముందు వచ్చిపోతే, వెనకవాళ్లు పస్తుండకూడదని దాస్తాం. మా అమ్మ కాలం నుంచీ ఉంది. అంటే తోకరాయుళ్లు కూడా అప్పటినుంచీ ఉన్నారన్నమాట."

పిందె కిలకిలా నవ్వింది. ఆ నవ్వు కోసం వాడు ఎన్ని మాటలైనా పడేవాడే.

తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది. భూషయ్య మామ కొమ్ములతో రాళ్లు పక్కకు నెట్టాడు. అందరూ గొడుగుధారకు బయలుదేరారు. తోకరాయుడు మాత్రం పిందెను సూదమ్మకు అప్పగించి, తనకు పని ఉందన్నాడు. గడ్డి కోసి ఎండలో ఆరబెట్టాడు. ఉసిరికాయలు తెచ్చి చట్టి నింపాడు. పైనుంచి జలపాతం మోత, పిందె కేరింతలు వినిపిస్తూనే ఉన్నాయి. రెండుసార్లు తోక అటు తిరిగింది. వాడు దాన్ని ఇటు లాక్కున్నాడు.

పని అయ్యాక ఇంటి కప్పు మీద కూర్చున్నాడు. ఒక ముసలి ఎలుగుబంటి కుంటుకుంటూ వచ్చి, తిని, గడ్డిలో పడుకుని లేచింది. వెళ్లబోతూ గుమ్మంలో నిలబడి, ఎవరూ లేని ఇంటికి దండం పెట్టింది.

"ఎవరు పెట్టావో గానీ తల్లీ, నీ కడుపు చల్లగా ఉండాలి," అంది.

ఆ తల్లి తానేనని చెప్పడానికి తోకరాయుడు నోరు తెరిచాడు. వెంటనే తోకతో మూసుకున్నాడు. ఎలుగుబంటి తన దగ్గరున్న తేనెపట్టు ముక్క ఒకటి చట్టిలో పెట్టి, మెల్లగా రోడ్డు దిగిపోయింది.

బండి తిరిగి వచ్చేసరికి వాడు పొయ్యి పక్క చెక్క ఎత్తి, కింద పనసగింజలు దాస్తున్నాడు.

"అవి ఎవరికిరా?" అంది సూదమ్మ.

"ఇంకా పుట్టని తోకరాయుడి వెనక వచ్చేవాళ్లకి," అన్నాడు వాడు. తర్వాత బండెక్కి, పిందె గొడుగుధార కబుర్లు చెబుతుంటే వింటూ, అందరి వంతు జోరీగలూ తనే తోలాడు.

నీతి: ముందు నడిచినవాళ్ల పుణ్యాన తిన్నప్పుడు, వెనక వచ్చేవాళ్లకు పెట్టి కదలాలి. ఆ వెనకవాళ్లలో మనమే ఉండవచ్చు.