గాలి చొరని పెట్టె

అనగా అనగా, కెరటాలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, నడిసముద్రంలో ఒక దీవి ఉండేది. అక్కడ గాలి ఉప్పన, మంచు ఉప్పన, నిద్రలో వచ్చే కలలు కూడా ఉప్పనే. ఇనుమన్నది ఆ దీవిలో నిలిచేది కాదు. ఈ పున్నమికి చేసిన కత్తి వచ్చే పున్నమికి ఎర్రటి పొడిగా రాలిపోయేది.

ఆ దీవికంతా ఒకటే కొలిమి. కమ్మరి పేరు నాగోజు, అతని ఆలి సోమక్క. ఆమె తిత్తి ఊదేది, సమ్మెట వేసేది. అతను పట్టుకారుతో ఇనుము పట్టి, చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో చూపేవాడు. అతని సుత్తి "టింగ్" అంటే ఆమె సమ్మెట "ధన్" అనేది. మాటలతో పని ఉండేది కాదు.

ఒకనాడు ముత్యాల కోసం మునిగే పోలయ్య వచ్చాడు. కిందటేడు అతని అన్న సముద్రం అడుగున పాత వలతాళ్ళలో చిక్కుకున్నాడు. తుప్పుపట్టిన కత్తి పుటుక్కున విరిగింది. అన్న మళ్ళీ పైకి రాలేదు.

పోలయ్య భుజాన ఉన్న మూట దించాడు. "మునిగిన ఓడలో దొరికాయి వదినా. ఎన్నేళ్ళు నీళ్ళలో ఉన్నాయో గాని ఒక్క తుప్పు మచ్చ లేదు. గాలి మళ్ళగానే నేను దిగాలి. వీటితో నాకో కత్తి చేసిపెట్టండి" అన్నాడు.

మూట విప్పితే వెన్నెల ముక్కల్లాంటి ఉక్కు బద్దలు. అవి రెండు రకాలు. ఒకటి గట్టిది, కానీ గాజులా పెళుసు. రెండోది వంచితే వంగుతుంది, కానీ పదును నిలవదు. పొర మీద పొర పేర్చి రెంటినీ ఒకటి చేస్తే తప్ప కత్తి కాదు.

నాగోజు కొన్ని బద్దలు పేర్చి, వెలిగారం చల్లి, కొలిమిలో పెట్టాడు. మామూలు ఇనుము అతికే తీరు అదే. ఉక్కు పొద్దుపొడుపు రంగుకు వచ్చింది. టింగ్, ధన్. టింగ్, ధన్. చల్లారాక చూస్తే ఏ పొరకు ఆ పొర ఎండు తాటాకుల్లా విడిపోయింది.

కొలిమి చూరు మీద ఒక గోరువంక ఉండేది. ఊళ్ళో మాటలన్నీ దాని ముక్కునే ఉండేవి. అది నాగోజు భుజాన వాలి, "ఊరంతా అనుకుంటోంది నాగోజూ! సోమక్క మనసు పెట్టి కొట్టడం లేదట" అంది.

నాగోజు ఆలితో ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు బరువైంది. ఆ పూట ఇద్దరూ చెరో మూల కూచుని గంజి తాగారు.

మధ్యాహ్నం సోమక్క తిత్తికి తల ఆనించి కళ్ళు మూసింది. తిత్తి తనంత తానే ఊపిరి తీస్తున్నట్టుంది. అలల చప్పుడేదో, బొగ్గుల చిటపటేదో తెలియని మగతలో, దాగలి దిమ్మ మీది బద్దలు రెండు మాట్లాడుకోవడం వినిపించింది.

"నీతో కలిసిపోవాలని ఉంది" అంది గట్టిది.

"ఎలా కలుస్తాం? గాలి సోకితే చాలు, మన ఒంటిని సన్నని పొర కప్పేస్తుంది. దాని వల్లే మనకు తుప్పు రాదు. దాని వల్లే ఒకరినొకరం తాకలేం" అంది మెత్తనిది.

"గాలి లేని గది దొరికితే?"

"దొరికితే నిప్పే మనల్ని కలుపుతుంది."

సోమక్క లేచి మొగుడికి ఆ కల చెప్పింది. నాగోజుకు సబబనిపించింది. మామూలు ఇనుప రేకుతో పెట్టె చేశారు. బద్దలను తళతళలాడేలా రుద్ది లోపల పేర్చారు. లోపల చిక్కిన గాలిని కాల్చి మింగేందుకు ఒక్క నూనె చుక్క వేశారు. అంచులన్నీ సందు లేకుండా అతికారు.

పెట్టె కొలిమిలో ఎర్రబడింది. సోమక్క బొగ్గు తేవడానికి వెళ్ళగానే గోరువంక వాలింది. "సోమక్క నిన్ను మభ్యపెడుతోందట! లోపల ఏమవుతోందో ఒక్కసారి తెరిచి చూడరాదూ?"

నాగోజు చెయ్యి ఆగలేదు. ఉలి పెట్టి మూల చీల్చాడు. గాలి హుష్షుమని లోపలికి దూరింది. సోమక్క తట్టతో తిరిగివచ్చేసరికి వెన్నెల లాంటి ఉక్కు నల్లబడి ఉంది. మిగిలిన బద్దలు ఇంకొక్క పేర్పుకే సరిపోతాయి.

"అనుమానమొస్తే నన్ను అడగొచ్చు కదా మామా" అంది సోమక్క.

నాగోజు తల దించుకున్నాడు. గోరువంకను తోలి, కొలిమి తలుపులు తానే మూశాడు. ఇద్దరూ కలిసి మళ్ళీ పెట్టె చేసి నిప్పుల్లో పెట్టారు.

లోపల ఎర్రని సంజ వెలుగు. బయట గోరువంక తలుపు పొడుస్తూ, "తెరువు, తెరువు" అని అరుస్తూనే ఉంది. నాగోజు ఆలి వైపు తిరిగాడు.

"సోమీ, లోపల అతుకుతోందంటావా?"

"నాకూ తెలియదు మామా. నాకూ భయంగానే ఉంది."

ఆ మాటకు అతని ముఖం తేటపడింది. "సరే, ఇద్దరం కలిసే భయపడదాం" అని నవ్వాడు. ఎన్నో పూటల తర్వాత ఆమె విన్న నవ్వది.

పెట్టె పండు రంగుకు వచ్చాక దాగలి మీదికి తెచ్చారు. సోమక్క మొదట గట్టిగా కొట్టలేదు. పసిబిడ్డను జోకొట్టినట్టు సమ్మెటతో మెల్లమెల్లగా అదిమింది. బోలుగా మోగిన పెట్టె మెల్లగా నిండు గొంతుతో పలకసాగింది. అప్పుడు బలమంతా పెట్టి కొట్టింది. తర్వాత బూడిదలో కప్పి, పూర్తిగా చల్లారేదాకా దాన్ని ముట్టుకోలేదు.

పైనున్న ఇనుప తొక్కను రాచి తీశారు. లోపల ఒకే ముద్ద! దాన్ని సాగదీసి, కత్తి చేసి, పదును పెట్టి, ఘాటైన ద్రావకంలో ముంచారు. ఉక్కులోంచి అలలు లేచాయి. తెలుపొక అల, నలుపొక అల. ఇద్దరూ వాటినే చూస్తూ ఉండిపోయారు.

గాలి మళ్ళింది. పోలయ్య ఆ కత్తి పట్టుకుని మునిగాడు. నీళ్ళ మీద బుడగలు లేచాయి. తర్వాత బుడగలు ఆగిపోయాయి. ఒడ్డున నిలబడ్డ సోమక్క నాగోజు చెయ్యి గట్టిగా పట్టుకుంది. సముద్రం అద్దంలా పడి ఉంది.

అంతలో నీళ్ళు చీలి పోలయ్య తల పైకి వచ్చింది. కత్తి పళ్ళ మధ్య ఉంది. కాలికి తెగిన వలతాడు వేలాడుతోంది. అతను ఒగరుస్తూ ఒడ్డుకు వచ్చి పడ్డాడు.

"చుట్టేసింది వదినా! అన్నని పట్టినట్టే పట్టింది. కత్తి ఆనిస్తే చాలు, తాడు వెన్నలా తెగింది!"

సోమక్క ఇసుకలో కూలబడి, ఏడుస్తూ నవ్వుతూ అతని తల తుడిచింది.

ఒకటి కావలసిన ఇద్దరి మధ్య ఊరి గాలిని చొరనివ్వకూడదు. చొరనిస్తే ఎంత మేలిమి ఉక్కైనా అతకదు.