పెరుమాళ్ళ శెట్టి మీసం

పెరుమాళ్ళ శెట్టి అద్దమంటే ఊరందరికీ మోజే. కానీ బంగారు చట్రం లేనిదే ఆయన అమ్మడు. చెక్క చట్రంలో బిగించి చవగ్గా ఇమ్మని మంగలి ఈరన్న అడిగితే, "మీబోటివాళ్ళకి మసక అద్దం చాల్లేరా!" అన్నాడు.

మర్నాడు ఈరన్న దగ్గర క్షవరం చేయించుకుని, అతని మసక అద్దంలో చూసుకుని, "భేష్" అంటూ, రాజుగారికి కొత్త అద్దం చూపించడానికి కోటకు బయల్దేరాడు శెట్టి. దారిపొడవునా జనం నవ్వుతుంటే ఎందుకో అంతుపట్టలేదు. కొలువులో తన కొత్త అద్దం మీది గుడ్డ తీస్తే, మీసం ఒకవైపు తాడులా, ఇంకోవైపు దారప్పోగులా కనిపించింది!

పరుగున ఈరన్న దగ్గరికి వచ్చి, "సరిచెయ్యరా!" అని అరిచాడు.

"ఈ అద్దంలో సమానంగానే ఉంది దొరా. మీరూ భేషన్నారుగా! సరిచెయ్యాలంటే మంచి అద్దం కావాలి."

మీసానికి చెయ్యి అడ్డం పెట్టుకునే, చెక్క చట్రానికి వడ్రంగిని పిలిపించాడు శెట్టి.