బోర్లించిన చెంచాలు

"కాపాడడం కూడా మోహమేనా, స్వామీ?" అని కూర్మనాథం పంతులు ఒకసారి విమలానందుల వారిని అడిగాడు.

పంతులు విశాఖపట్నంలో పేరున్న ప్లీడరు. దొరలు దేశం వదిలిపోతూ వేలానికి పెట్టిన పాత ఇంగ్లీషు వెండిని ఏళ్ళ తరబడి సేకరించాడు. జార్జి రాజుల కాలం నాటి పళ్ళేలు, సూపుగిన్నెలు, ఫోర్కులు, చెంచాలు. వాటిని వాడుకోవాలన్న కోరిక తనకు లేదనీ, అంతటి పనితనం ఏ కంసాలి కొలిమిలోనో కరిగిపోకుండా చూడడమే తన ఉద్దేశమనీ చెప్పుకున్నాడు.

ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం స్వామివారి పద్ధతి కాదు. మర్నాడు మధ్యాహ్నం అతని ఇంటికే భిక్షకు వస్తానన్నారు. ఆయన శిష్యుణ్ణి గనక వెంట నేనూ వెళ్ళాను.

ఆ ఇంట్లో భోజనాల గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. సముద్రపు గాలికి వెండి నల్లబడుతుందని పంతులు కిటికీలు కూడా తెరవనివ్వడు. లోపల పొడవాటి బల్ల, చుట్టూ కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ విందుకు సిద్ధం చేసినట్టు వెండి. తినేవాళ్ళు మాత్రం లేరు. భార్య సుభద్రాయమ్మ వంటింట్లో ఒక్కతే తింటుంది. పిల్లలు వెండి ముట్టుకుంటారని పంతులు తన సొంత చెల్లెల్ని హోటల్లో దించిన దగ్గర్నుంచి ఆ చెల్లెలు ఈ గుమ్మం తొక్కలేదు.

చెంచాలన్నీ బోర్లించి ఉన్నాయి. ఎందుకని స్వామివారు అడిగారు. ఆ కాలపు దొరలు తమ పేర్ల అక్షరాలు చెంచా వెనకవైపు చెక్కించుకునేవారనీ, అవి కనబడాలని అలా పెట్టేవారనీ పంతులు చెప్పాడు.

"అయితే ఒక్కొక్క పేరూ పైకి చదువు. చదివినచోట అన్నం వడ్డించు."

పంతులు జంకాడు గాని, గురువు మాట కాదనలేక పళ్ళెం వెంట పళ్ళెం వడ్డించుకుంటూ పోయాడు. వడ్డన పూర్తయ్యేసరికి, మిట్టమధ్యాహ్నం, గాలి చొరని ఆ గదిలో చలి పుట్టింది. అప్పుడు చూశాను. ఊపిరి తగిలిన అద్దంలా ఒక చెంచా మీద ఆవిరి పట్టింది. పోయింది. మళ్ళీ పట్టింది. దాని పక్కది, ఆ పక్కది, దేని లయ దానిదే. అన్నం మీది పొగలు నిటారుగా లేవడం మానేసి ఖాళీ కుర్చీల వైపు వంగాయి. పంతులు ఒక చెంచాను ఉత్తరీయంతో తుడిచాడు. అతని చేతిలోనే అది మళ్ళీ మసకబారింది.

స్వామివారు అతన్ని కూర్చోమన్నారు. పంతులు చివరి కుర్చీ లాగబోయాడు. అది కదల్లేదు. కూర్చునే చోట చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అక్కడ వెచ్చగా ఉందని తరవాత నాతో చెప్పాడు.

సుభద్రాయమ్మ గుమ్మంలోకి వచ్చి, గదిలోకి చూడకుండానే, "ఇటు రండి. ఇక్కడ ఆకులు వేశాను" అంది.

పంతులు ఆమె వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. బల్ల వైపు తిరిగి అన్నాడు: "స్వామీ, ఇవి నావి."

స్వామివారు అప్పటికే వంటింటి వైపు నడుస్తున్నారు.

"మెల్లగా అను, నాయనా. వాళ్ళందరూ కూడా అదే అంటున్నారు."