అడ్డుతెర పట్టినవాడు

ఏడుకొండలు తీసిన పెళ్లి ఫోటోల్లో వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. వెలుగు సరిగ్గా పడేది, పట్టుచీర జరీ పోగుపోగునా కనిపించేది, ఎవరి కళ్లూ మూతపడి ఉండేవి కావు. అయినా గఫార్ మాస్టారు ఒక్కొక్కటీ చూసి "బాగుందిరా" అని పక్కన పెట్టేసేవారు. ఆ మాట వింటే కొండలుకి ఒళ్లు మండేది. వంట కుదరని ఇంట్లో చుట్టాలు అనే "బాగుంది" లాగే ఉండేది అది.

చీరాలలో మాస్టారి స్టూడియో తెలియని ఇల్లు లేదు. అక్కడ పని నేర్చుకున్నవాణ్ణి ఆయన "ఇక సొంతంగా చేసుకో" అని పంపిస్తేనే జనం నమ్మి పెళ్లిళ్లకి పిలుస్తారు. కొండలు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. బోర్డు మీద తన పేరు ఏ రంగులో రాయించాలో కూడా ఎప్పుడో అనేసుకున్నాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "మాస్టారూ, నా ఫోటోల్లో తక్కువేందో చెప్పండి. లెన్సా? లైటా?"

మాస్టారు కళ్లజోడు సవరించుకుని, అతను తీసిన జీలకర్ర బెల్లం ఫోటో ఒకటి ముందుకు జరిపారు. వధూవరుల మధ్య అడ్డుతెర అప్పుడే దించారు. ఇద్దరూ చక్కగా నవ్వుతున్నారు.

"వీళ్లు ఎవరిని చూస్తున్నారురా?"

"నన్నే మాస్టారూ," అన్నాడు కొండలు గర్వంగా. "తెర దించగానే 'ఇటు చూడండి' అని కేకేస్తా కదా. నా కేకకి తల తిప్పని పెళ్లికూతురు ఇంతవరకూ లేదు."

మాస్టారు నవ్వు దాచుకోవడానికి టీ గ్లాసు ఎత్తారు. తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆదివారం పెళ్లిలో ముహూర్తం నువ్వు చూసుకో. అది కుదిరితే ఇక నీ దారి నీది," అన్నారు.

ఆ వారమంతా కొండలు కాలు నేల మీద నిలవలేదు. లెన్సు తుడిచిందే తుడిచాడు. కళ్యాణ మండపానికి ముందురోజే వెళ్లి, ఎక్కడ నిలబడితే ఇద్దరి మొహాలూ సూటిగా పడతాయో చూసుకున్నాడు. ఇంట్లో అద్దం ముందు నిలబడి 'ఇటు చూడండి' అని రకరకాలుగా అని చూసుకుంటుంటే, వాళ్లమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆదివారం రానే వచ్చింది. మండపం కిటకిటలాడుతోంది. పెళ్లికూతురు వసుధ ఒకవైపు, పెళ్లికొడుకు చైతన్య ఒకవైపు, మధ్య పసుపు అంచు తెర. పంతులుగారు సమయం దగ్గరపడిందంటున్నారు. కొండలు కెమెరా ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే, తెర ఒక కొస పట్టుకున్న పెళ్లికూతురి బాబాయికి చెయ్యి తిమ్మిరెక్కింది. "ఎవరన్నా కాస్త అందుకోండయ్యా," అన్నాడాయన.

వెనకనుంచి మాస్టారు వచ్చి కొండలు మెడలోని కెమెరా తీసేసుకున్నారు.

"వెళ్లి తెర పట్టుకో."

"మాస్టారూ, ముహూర్తం..."

"అందుకే."

నిండు పెళ్లిలో గురువుతో గొడవ పడలేడు కదా. కొండలు మొహం వేలాడేసుకుని వెళ్లి కొస అందుకున్నాడు.

అక్కడ నిలబడ్డాక చూశాడు. తెరకి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ ఒకేసారి కనిపిస్తున్నారు. వసుధ పెదవులు కదుపుతూ ఏదో మొక్కుకుంటోంది, దండలోని ఒక రేకును గిల్లి గిల్లి పొడి చేసేస్తోంది. చైతన్య మెడ నిక్కించి తెర మీదుగా చూడబోయి, పంతులుగారి కంట పడి మళ్లీ బుద్ధిగా కూర్చున్నాడు. రోజూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకున్నవాళ్లే, అయినా ఇప్పుడే మొదటిసారి చూసుకోబోతున్నంత బెదురు, అంత ఆత్రం. ఇది ప్రతి పెళ్లిలోనూ జరిగేదేనా? మరి తనెప్పుడూ చూడలేదేం?

గట్టిమేళం మొదలైంది. చేతులు తెర దాటి వెళ్లాయి, తలల మీద జీలకర్ర బెల్లం నిలిచింది. "తెర దించండి," అన్నారు పంతులుగారు. తన పెళ్లి అయినట్టే కొండలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

తెర దిగింది. 'ఇటు చూడండి' అని ఎవరూ కేకెయ్యలేదు.

వసుధ కళ్లు దించుకుంది, మళ్లీ తనే ఎత్తి అతన్ని చూసింది. చైతన్య నవ్వబోయాడు గానీ కళ్లు నిండిపోయాయి. అది చూసి ఆమె నవ్వేసింది. పంతులుగారు "బాబూ, ఇక నువ్వు పక్కకి రావచ్చు," అని కొండలుకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అతను పరుగున మాస్టారి దగ్గరికి వచ్చాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "మాస్టారూ, చూశారా? ఆ అబ్బాయి ఏడ్చాడు మాస్టారూ. ఆ పిల్ల ముందు భయపడి, తర్వాత... మీరు తీశారా?"

మాస్టారు కెమెరా అతని మెడలో వేసి, "తలంబ్రాలు తియ్యి," అన్నారంతే.

ఆ తలంబ్రాలకి కొండలు నోరు విప్పలేదు. వాళ్లు పోటీపడి బియ్యం కుమ్మరించుకుంటుంటే మధ్యలో తనకే నవ్వొచ్చి చెయ్యి కదిలిపోయింది, ఒక ఫోటో అలికినట్టయింది.

మర్నాడు స్టూడియోలో మాస్టారు ఆ అలికిన ఫోటోనే చాలాసేపు చూశారు. తర్వాత కంప్యూటర్లో తను తీసిన ముహూర్తం ఫోటో తెరిచారు. వసుధ, చైతన్య ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఒక పక్కన, తెర కొస గుప్పిట్లో పట్టుకుని, నోరు తెరుచుకుని, కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఏడుకొండలు.

కొండలు సిగ్గుతో చచ్చిపోయాడు. "నేనెందుకు మాస్టారూ ఇందులో? ఆ పక్క కత్తిరించేద్దాం."

"ఉండనియ్యిరా," అన్నారు మాస్టారు. "వచ్చే ఆదివారం ఒంగోలు పెళ్లికి నువ్వొక్కడివే వెళ్లు."

కొండలు అప్పటికే కెమెరా సంచి అందుకున్నాడు.

"వెళ్లేటప్పుడు ఆ మొహం తీసుకెళ్లు."