వంక పెట్టని బేరం

మా దొడ్డి ఊరి చివర, వాగుకి ఇవతల ఉంది. అందులో ఉండేది నేనూ, కోటమ్మా, హంసవేణీ, హంసవేణి పిల్లలూ. నేను గేదెని, పేరు మల్లి. గేదె అనగానే మీకేం గుర్తొస్తుందో నాకు తెలుసు. వాన కురిసినా కదలదు, బుర్ర లేదు, అంతేగా? అనుకోండి. కదలనివాళ్ల ముందే అందరూ అన్నీ మాట్లాడుకుంటారు. అందుకే ఈ కథ నాకు మొదట్నించీ తెలుసు. మా దొడ్డి గొప్ప మీకూ తెలియాలనే చెబుతున్నాను.

కోటమ్మ కోడిపెట్ట. యజమాని ఆమెని చాలాసార్లు శనివారం సంతకి తీసుకెళ్లాడు, వెళ్లినన్నిసార్లూ వెనక్కి తెచ్చాడు. ధర నచ్చక ఆయనే అమ్మలేదు. కానీ హంసవేణి ఊరుకుంటుందా? "అమ్ముడుపోని సరుకు" అని వెక్కిరించేది.

హంసవేణి బాతు. పేరులో మాత్రం హంస ఉంది. మా దొడ్డిలో అందరికంటే ముందు ఫోను కొన్నది తనే. ఆ ఫోనులో 'పొరుగంగడి' అని ఒకటుంది. మనం వాడని వస్తువు ఫోటో అందులో పెడితే, చుట్టుపక్కల జంతువులు చూసి కావలసినవాళ్లు అడుగుతారు. హంసవేణి గుడ్లు పొదిగిన పెద్ద వెదురు గంప ఖాళీగా పడి ఉంది. దాన్ని అమ్మేయాలనుకుంది.

"ఉత్త గంప ఏం కళగా ఉంటుంది?" అని పిల్లలన్నిటినీ అందులో కూర్చోబెట్టి ఫోటో తీసింది. ఆ ఫోటోలో వెనకాల ఉన్న గూడు తలుపు కూడా పడింది. తలుపుకి గొళ్లెం లేదు, పురికొస కట్టి ఉంది. అదీ పడింది.

మొదట అడిగింది పక్క ఊరి గిన్నెకోడి వీరలక్ష్మి.

"గంప అడుగు పుచ్చిందా? ఎలుక కొట్టిందా? ఎండలో పెట్టి ఫోటో తీయొచ్చుగా! ఈ పాత గంపకి మానికెడు నూకలా? ఇంకా నయం, దొడ్డి కూడా రాసిమ్మన్నావు కాదు!"

హంసవేణికి ఒళ్లు మండింది. "మర్యాద తెలియని ముండ" అని వీరలక్ష్మి మాటలు తనకి రాకుండా ఆపేసింది.

రెండోది కౌజుపిట్ట కామేశ్వరి. ఫోటోలో పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని ఎంత బుద్ధిగా ఉందో!

"అక్కా, గంప చూస్తే కళ్లు చెమర్చాయి. నువ్వెంతంటే అంతే. పిల్లలు ముత్యాల్లా ఉన్నాయి. అన్నీ ఆ గూట్లోనే పడుకుంటాయా? మీ ఇంట్లో కుక్క ఉందా? మా పిల్లలకి కుక్కంటే భయం. నీకెందుకు శ్రమ, మీ ఇల్లెక్కడో చెప్పు, చీకటి పడ్డాక నేనే వచ్చి తీసుకుంటా."

"చూశావా మల్లొదినా! మంచివాళ్లు ఇంకా ఉన్నారు లోకంలో" అంటూ హంసవేణి ఇంటి గుర్తులు రాయబోయింది.

గింజలు ఏరుకుంటున్న కోటమ్మ తలెత్తింది. "ఆగవే అమ్మాయ్. ఆ పిట్ట గంపకి ఏం వంక పెట్టింది?"

"ఏమీ పెట్టలేదు. అంత మంచిది."

"అయితే అది కొనడానికి రావట్లేదు."

"నీకేం తెలుసు పిన్నీ? నిన్నెవరైనా కొన్నారా?"

కోటమ్మకి కోపం రాలేదు. అదే నాకు ఆమెలో నచ్చేది. "కొనలేదు. అందుకే బేరాలన్నీ చివరిదాకా విన్నాను" అంది. "సంతలో నన్ను రెక్కలు పట్టి పైకెత్తి, రొమ్ము నొక్కి, ఈకలు ఊది, 'ఎముకలు తప్ప ఏముందిరా దీంట్లో' అన్నవాడే సంచి విప్పేవాడు. 'ఆహా, ఏం పెట్ట, ఏం పెట్ట' అన్నవాడు ఒక్కడే వచ్చాడు. వాడు పొగుడుతుంటే మా యజమాని మురిసిపోయాడు. ఆ మురిపెంలో ఉండగానే వాడి జతగాడు మా యజమాని జేబు కొట్టేశాడు. అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా?"

హంసవేణి ముక్కు దించుకుంది. అయినా మొండి. "కామేశ్వరి అలాంటిది కాదు పిన్నీ."

"అయితే నేను చెప్పింది రాయి. గంప అడుగు ఊడిపోయిందను."

రాసింది. వెంటనే జవాబొచ్చింది. "పర్లేదక్కా!"

"ఎలుకలు కొరికేశాయను."

"ఎంత ముద్దుగా కొరికాయో అక్కా!"

"అడుగూ లేదు, అంచూ లేదు, నాలుగు పేళ్లు మాత్రం మిగిలాయను."

"సరిగ్గా అలాంటిదే వెతుకుతున్నానక్కా! పిల్లలు ఎన్నింటికి పడుకుంటాయి?"

హంసవేణి ఫోను కింద పడేసింది. గూడు వైపు పరుగెత్తి పిల్లలన్నిటినీ రెక్కల కిందకి లాక్కుంది. "పిన్నీ, తలుపు కూడా చూసేసింది. పురికొస కూడా చూసేసింది. నా చేతులారా నేనే చూపించాను. ఇప్పుడేం చేయను?"

"ఇల్లెక్కడో ఇంకా తెలీదుగా. ఏడవకు."

"దాని మాటలు కూడా రాకుండా ఆపేస్తాను."

"ఆపితే రేపు ఇంకో తల్లి దగ్గరికి పోతుంది. రానీ. కానీ ఇంటికి కాదు. పొద్దున పాలకేంద్రం దగ్గరికి రమ్మను. పిల్లల్ని వదిలిపెట్టే దిక్కులేదు, వెంట తెస్తానను. ఆ గిన్నెకోడి మాటలు మళ్లీ రానిచ్చి, దానికి కూడా అదే వేళ చెప్పు."

"ఆ నోటి దురుసుదానికా?"

"దానికే."

పొద్దున్నే నేను పాలకేంద్రానికి వెళ్లాను. నేను రోజూ వెళ్లేదే. పిల్లల్ని లోపల సుబేదారు దగ్గర కూర్చోబెట్టాం. సుబేదారు అక్కడి కాపలా కుక్క. అతని ముందు ఈగ కూడా వరసలో నిలబడాలి. గంపని బయట నా పక్కనే పక్కకి పడుకోబెట్టి, లోపల గడ్డి నింపింది కోటమ్మ.

కౌజుపిట్ట రాలేదు. చారల తోక ఊపుకుంటూ ఒక బావురుపిల్లి వచ్చింది. మా వైపు పెట్టల్ని ఎత్తుకుపోయే జాతి అదే.

"కామేశ్వరక్కకి ఒంట్లో బాగోలేదమ్మా, నన్ను పంపింది" అంది తేనె పూసిన గొంతుతో. చుట్టూ చూసింది. నన్నూ చూసింది. గేదేగా అనుకుని చూపు తిప్పేసుకుంది.

"దానికేం భాగ్యం" అంది కోటమ్మ. రెక్క కూడా కదపలేదు. "కానీ మా దగ్గర సంత పద్ధతి. తీసుకెళ్లాక చిల్లుందంటే ఒప్పుకోం. లోపలికెళ్లి చూసుకో. పిల్లలు గడ్డిలో పడుకున్నాయి, తొక్కకు."

పిల్లలన్న మాట వినగానే దాని మీసాలు అదిరాయి. సందేహమే లేదు, ఒక్క దూకు దూకి గంపలో పడింది. నేను కొమ్ముతో గంపని బోర్లించి, దాని మీద నా గడ్డం ఆనించి, తీరిగ్గా నెమరు వేశాను. నా గడ్డం బరువెంతో మీకు తెలీదు. పిల్లికి తెలిసింది.

లోపల్నించి కేకలు మొదలయ్యాయి. "ఇదేం గంప! ఒకటే ఇరుకు! బాతు కంపు! పేళ్లు గుచ్చుకుంటున్నాయి! అడుగంతా పుచ్చిపోయింది! ఎవరు కొంటారు దీన్ని?"

కోటమ్మ గంప దగ్గరికి నడిచివెళ్లి, చెవి ఆనించి విని, తల పంకించింది. "ఇదిగో, ఇప్పుడు మాట్లాడుతున్నావు కొనేదానిలా! చెప్పు తల్లీ, ఇంకేం వంకలున్నాయి?"

పాలకేంద్రం ముందున్న ఆవులూ మేకలూ పగలబడి నవ్వాయి. సుబేదారు బయటికొచ్చి నిలబడితే నేను గడ్డం తీశాను. పిల్లి బయటపడగానే అందరూ దాని మొహాన్ని ఫోటోలు తీసి పొరుగంగడిలో పెట్టేశారు. వాగు దాకా సుబేదారు దాన్ని సాగనంపిన తీరు ఊరంతా వినబడింది. ఆ తర్వాత ఏ కౌజు పేరుతోనూ దానికి ఒక్క బేరమూ కుదరలేదు.

వీరలక్ష్మి అప్పటికే గంప చుట్టూ తిరుగుతోంది. "పిల్లి బొచ్చు పడింది. మానికెడు నూకలు చచ్చినా ఇవ్వను. సగమే!"

హంసవేణి దాన్ని చూసి ఆనందంతో రెక్కలు కొట్టుకుంది. "పిన్నీ! ఈవిడ నిజంగా కొంటోంది!"

ఇంటికి వస్తూ కోటమ్మ అందరికంటే ముందు నడిచింది. దారి పొడుగునా మేకలు పక్కకి జరిగి దారిచ్చాయి. వెనక హంసవేణి, పిల్లలు. చివర నేను. ఆ పెట్ట మా దొడ్డిదని దారిలో కనబడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పాను, అడగనివాళ్లకి కూడా.

నీతి: సరుకుకి వంక పెట్టేవాడితో బేరమాడు, ఇంటి దారి అడిగేవాడిని నలుగురిలోనే కలువు.